ఇంటివాళ్ళు అడిగిన న్యూయార్క్

మా తాతయ్య ఒక్కసారి చెన్నపట్నం చూసొచ్చాడు. ఇంకా ఆంధ్ర రాష్ట్రం రాని రోజులు. మా గోదావరి జిల్లాల వాళ్ళకి కూడా హైకోర్టు మద్రాసులోనే. ఏదో అప్పీలు పనిమీద ఊళ్ళో పెద్దలతో కలిసి రైలెక్కాడట. ఆ దావా ఏమైందో మా ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. ఆయన చూసిన మద్రాసు మాత్రం ఆయన పోయాక కూడా చాలా ఏళ్ళు మా వీధిలో బతికే ఉంది. మ్యూజియం పేరు చచ్చిన కాలేజీ, జంతువుల్ని పెట్టిన తోట పేరు బతికిన కాలేజీ. హైకోర్టు గుమ్మటం మీదే ఓడలకి దారి చూపే దీపం. మద్రాసు ముఖం చూడని నేను ఇవన్నీ ఏడేళ్ళప్పుడే గడగడా చెప్పేవాణ్ణి.

మామ్మ చెబుతుండేది: ఆయన తిరిగొచ్చిన సాయంత్రం అరుగు మీద చోటు చాల్లేదట. ఆడవాళ్ళు అడిగినవి వేరు, రైతులు అడిగినవి వేరు. అంతమందికి నీళ్ళు ఎక్కణ్ణించి వస్తాయి? పాలు ఎవరు పోస్తారు? సముద్రం పక్కనే ఉంటే ఉప్పుగాలికి కొబ్బరిచెట్టు బతుకుతుందా? చూసినవాటికి చెప్పాడు, చూడనివాటికి చూళ్ళేదన్నాడు. అలా చూళ్ళేదన్న ప్రతిదానికీ "మరేం చూసొచ్చావయ్యా" అన్నవాళ్ళున్నారట. పట్నం వెళ్ళినవాడు ఊరికి జవాబులు బాకీ పడేవాడు. అది మా ఊళ్ళో ఎవరూ రాసిపెట్టని కట్టడి.

మాది ఉంగుటూరు. ఏలూరుకీ తాడేపల్లిగూడేనికీ మధ్య, పెద్ద రోడ్డూ, ఏలూరు కాలవా, మద్రాసు నించి హౌరా పోయే రైలుపట్టాలూ ఒకదాని పక్కన ఒకటి సాగే చోట. పాసింజరు బళ్ళు ఆగుతాయి. మెయిళ్ళూ ఎక్స్‌ప్రెస్‌లూ ప్లాట్‌ఫారం మీది ఎండుటాకుల్ని లేపుకుంటూ వెళ్ళిపోతాయి. ఊరికి ఉత్తరాన మెట్ట, దక్షిణంగా పోతే వరిచేలు పల్లమై పల్లమై కొల్లేరు వైపు జారతాయి. నా చిన్నప్పుడు అదంతా వరే. నేను హైస్కూల్లో ఉండగా ఆ చేలల్లో కొన్ని చేపల చెరువులయ్యాయి. మా నాన్న కూడా రోడ్డుకి దిగువనున్న నాలుగెకరాల పట్టా భూమిని తవ్వించి శీలావతి, బొచ్చె పిల్ల వదిలాడు. అప్పట్నించీ మా ఇంట్లో సంక్రాంతి కంటే పట్టుబడి పెద్ద పండగ. వలవాళ్ళు తెల్లారకుండా దిగేవాళ్ళు. ఎండెక్కేలోగా చేప ఐసులో పడి లారీ ఎక్కేది. అది ఎక్కడికి పోతుందంటే హౌరాకి. హౌరాలో ఎవరు తింటున్నారో, ఎంతకి కొంటున్నారో నాన్నకి తెలియదు. లారీ వెళ్ళిన వైపు చూస్తూ కాసేపు రోడ్డు మీదే నిలబడేవాడు.

నేను ఏలూరులో ఇంజనీరింగ్ చదివి, 1998 ఆగస్టులో పైచదువుకి న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్ చేరాను. అమెరికా వీసా కావాలంటే మనవాళ్ళు మద్రాసే వెళ్ళాలి అప్పుడు. హైదరాబాదులో కాన్సులేట్ వచ్చింది పదేళ్ళ తరవాత. తాడేపల్లిగూడెంలో రైలెక్కి వెళ్ళాను. జెమినీ ఫ్లైఓవర్ దగ్గర తెల్లవారుజాము నించి క్యూలో నిలబడ్డవాళ్ళలో సగం మంది తెలుగు పిల్లలే. ఒకరి ఫైలు ఒకరు పట్టుకుని, ఒకరి తరవాత ఒకరు టీ తాగొచ్చేవాళ్ళం. తాతయ్య వెళ్ళిన ఊరికే నేనూ వెళ్ళాను గానీ, చచ్చిన కాలేజీ చూసే తీరిక దొరకలేదు.

సిరక్యూస్ చిన్న ఊరు. అక్టోబరు చివర్న మొదలైన మంచు ఏప్రిల్ దాకా ఉంది. న్యూయార్క్ నగరం అక్కడికి నాలుగువందల కిలోమీటర్ల దూరం. ఒకే రాష్ట్రం కాబట్టి ఉంగుటూరులో అందరూ నేను న్యూయార్క్‌లో ఉన్నాననే అనుకున్నారు. ఆ మంచు కరిగాక, 1999 ఏప్రిల్లో ఓ శనాదివారాలు నగరం చూడబోతున్నానని నెల ముందే ఇంటికి రాశాను. నెల ముందు ఎందుకంటే ఉత్తరం వెళ్ళడానికి రెండు వారాలు, జవాబు రావడానికి రెండు వారాలు.

వచ్చిన ఆ జవాబు ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఒకే ఏరోగ్రామ్, అందులో మూడు చేతిరాతలు. నడుమ నాన్నది. పక్క అంచున తమ్ముడిది, చీమతలకాయలంత అక్షరాలు. మడతపెట్టే రెక్క మీద, మా ఇంటికి సాయంత్రాలు వచ్చి కూచునే రిటైర్డ్ తెలుగు మాస్టారిది. అమ్మా మామ్మా చెప్పినవి కూడా నాన్నే రాశాడు, "అమ్మ అడగమంటోంది", "మామ్మ అడగమంటోంది" అని.

నాన్న అడిగింది: అక్కడ చేప బతికినది అమ్ముతారా, ఐసులోదా? తూకం లెక్కా, కాయ లెక్కా? ఏ సైజుకి గిరాకీ?

అమ్మ అడిగింది: రాత్రి ఎవరింట్లో పడుకుంటావు, వాళ్ళది ఏ ఊరు, ఇంట్లో ఆడవాళ్ళున్నారా?

మామ్మ అడిగింది: గుడి ఉందా? ఉంటే నైవేద్యం ఏం పెడుతున్నారు?

తమ్ముడు: జంట టవర్లు ఎక్కు. పైనించి సముద్రం కనిపిస్తుందా లేదా, అది ఒక్కటి చెప్పు చాలు.

మాస్టారు రాసింది ఒకటే వాక్యం. ఆ నగరంలో పెద్ద గ్రంథాలయం ఉన్నదని చదివితిని, రుసుము చెల్లించకుండా ఎవరైనను లోనికి పోవచ్చునా?

న్యూయార్క్‌లో ఏం చూడాలో నేను ఆలోచించుకోలేదు. ఆలోచించాల్సిన పని లేకుండా ఆ కాగితం వచ్చేసింది. దాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను. రెండో జేబులో ఇంకో కాగితం. అది మా సీనియర్ల ఆస్తి. ఏనాడో ఎవరో తెల్లకాగితం మీద పెన్నుతో గీసిన దారులు. తరవాతి బ్యాచ్‌ల వాళ్ళు ఒక్కొక్కరూ తమకి తెలిసింది అంచుల్లో చేర్చి జిరాక్సు తీయిస్తూ వచ్చారు. ఏ మెట్లు ఎక్కాలి, ఎక్కడ శాకాహారం దొరుకుతుంది, ఏ వీధిలో రాత్రి నడవకూడదు, ఎవరికి ఫోన్ చేస్తే పడుకోవడానికి చోటిస్తారు. అక్షరాలు సగం మసకబారిపోయాయి. రాసినవాళ్ళలో ఎక్కువమంది ఎవరో కూడా మాకు తెలియదు. అయినా ఆ కాగితం ఎవరినీ దారి తప్పించలేదు.

శుక్రవారం రాత్రి గ్రేహౌండ్ బస్సు. బింగ్‌హాంప్టన్, స్క్రాంటన్ దాటి, తెల్లవారేసరికి న్యూజెర్సీ ఒడ్డుకి చేరింది. లింకన్ టన్నెల్లోకి దిగే ముందు రోడ్డు గుండ్రంగా మెలి తిరుగుతుంది. ఆ మెలికలో, హడ్సన్ నదికి అవతల, మన్‌హట్టన్ మొత్తం ఒకేసారి ఎదురుగా నిలబడుతుంది. బస్సులో నిద్రపోతున్నవాళ్ళంతా లేచి అటు చూశారు. తరవాత సొరంగం. 1937లో తెరిచిన దారి అది, పైన నది పారుతుంటే కిందనించి బస్సులు పోతాయి. మా కాలవ మీది వంతెన తప్ప నీటిని దాటే మరో మార్గం ఎరగనివాణ్ణి. నదికి కిందగా వెళ్ళడం ఊళ్ళో ఎలా చెప్పాలా అని ఆ చీకట్లోనే ఆలోచన మొదలైంది.

ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే నాకు అర్థమవుతున్నది ఇదే. ఆ రెండు రోజులూ నేను చూసిన ప్రతిదాన్నీ చూస్తున్నప్పుడే ఎవరికో చెబుతూ చూశాను. నాన్నకి చెప్పాల్సినదాన్ని నాన్న కళ్ళతో, మామ్మకి చెప్పాల్సినదాన్ని మామ్మ కళ్ళతో. కెమెరా ఉన్నా అందులో పట్టేవి కొన్ని బొమ్మలే, మిగతాదంతా జ్ఞాపకం మీదే ఆధారం కాబట్టి గట్టిగా చూడాల్సి వచ్చేది.

పోర్ట్ అథారిటీ బస్ టెర్మినల్లో దిగి, సబ్‌వే బూత్‌లో ఉన్నావిడని అడిగితే మ్యాపు ఉచితంగా ఇచ్చింది. అప్పటికి టోకెన్లు ఇంకా చెల్లుతున్నాయి, ఒక్కోటి డాలరున్నర, నడుమ అయిదు పలకల చిల్లుతో. రోజంతా తిరగడానికి నాలుగు డాలర్ల కార్డు అప్పుడే కొత్తగా వచ్చింది. నాలుగు డాలర్లంటే 170 రూపాయలు. ఆ లెక్క మనసులో వేసుకోకుండా ఎవరమూ ఏదీ కొనలేదు ఆ రోజుల్లో. కార్డు కొన్నాను. తమ్ముడి కోసం ఒక టోకెన్ కూడా కొన్నాను. 2003లో టోకెన్లు రద్దయ్యాయి. అది ఇప్పటికీ వాడి తాళాల గుత్తికి వేలాడుతోంది.

మొదట మాస్టారి పని. నలభై రెండో వీధిలో తూర్పుగా నడుచుకుంటూ పోతే అయిదో ఎవెన్యూ మీద గ్రంథాలయం. 1911లో తెరిచింది. గుమ్మం ముందు రెండు పాలరాతి సింహాలు. ఒకదాని పేరు ఓర్పు, రెండోదాని పేరు ధైర్యం. ఆర్థిక మాంద్యం కాలంలో జనానికి కావలసినవి ఆ రెండేనని అప్పటి నగర మేయర్ లా గార్డియా పెట్టిన పేర్లవి. లోపలికి వెళ్తుంటే ఎవరూ నన్ను ఆపలేదు, పేరడగలేదు, కార్డు అడగలేదు. మూడో అంతస్తులో చదువుకునే గది. పొడవు దాదాపు 300 అడుగులు. అంత గదికి నడుమ ఒక్క స్తంభం లేదు. బాగుచేయించి కిందటేడే మళ్ళీ తెరిచారు, కప్పు మీద మేఘాల బొమ్మలు కొత్త రంగులతో మెరుస్తున్నాయి. పొడుగాటి బల్లల మీద ఇత్తడి దీపాలు. నా పక్కన చిరిగిన కోటు తొడుక్కున్న ముసలాయన లావుపాటి పుస్తకం ముందేసుకుని శ్రద్ధగా నోట్సు రాసుకుంటున్నాడు. ఆయన చెప్పుల అడుగులు ఊడిపోయి ఉన్నాయి. ఆయన్నీ ఎవరూ ఏమీ అడగలేదు.

నేను అక్కడ గంట పైనే కూచున్నాను. మాస్టారు కుర్రతనంలో సైకిల్ మీద సంచీలో పుస్తకాలు పెట్టుకుని పల్లెలు తిరిగిన మనిషి. మన దేశంలో గ్రంథాలయోద్యమం అంటే అయ్యంకి వెంకటరమణయ్య గారితో మొదలుపెట్టి 1914 బెజవాడ సభ దాకా చెప్పకుండా ఆయన సాయంత్రం ముగిసేది కాదు. ఆయనకి రాయడం కోసం గోడల మీద ఉన్నవన్నీ చదివాను. బయట మెట్ల మీద కూచుని మాట్లాడిన ఓ పెద్దావిడ, ఆండ్రూ కార్నెగీ 1901లో 52 లక్షల డాలర్లిస్తే నగరంలోని పేటపేటనా శాఖలు కట్టారని చెప్పింది. ఇండియాలో ఓ మాస్టారు అడిగి పంపారని చెబితే ఆవిడ నా ఉత్తరం చేతిలోకి తీసుకుని, తెలుగు అక్షరాల మీద వేలు పెట్టి, మాస్టారు రాసింది ఏ వరసో చూపించమంది.

తరవాత నాన్న పని. సీనియర్ల కాగితంలో కెనాల్ స్ట్రీట్ దగ్గర దిగమని ఉంది. మాట్ స్ట్రీట్ మలుపు తిరిగేసరికి వాసన ముందే చెప్పింది. చైనా వాళ్ళ చేపల దుకాణాలు వరసగా, వీధి అరుగుల మీదికే వచ్చేసి ఉన్నాయి. ఐసు గుట్టల మీద పేర్చిన సముద్రపు చేపలు ఒకపక్క, నీళ్ళ తొట్టెల్లో ఈదుతున్నవి ఒకపక్క, బుట్టల్లో గిలగిలలాడే పీతలు. కొనేవాళ్ళు తొట్టెలో వేలు పెట్టి చూపిస్తారు. అమ్మేవాడు చేతివలతో అదే చేపని పట్టి, తూచి, వాళ్ళ కళ్ళముందే కోసిస్తాడు. తూకం పౌన్లలో. కాయ లెక్క ఎక్కడా లేదు. ఒకే రకం చేపకి ఐసులో ఒక ధర, తొట్టెలో ఒక ధర. బతికినదానికి బాగా ఎక్కువ. తలలు విడిగా కుప్ప పోసి వాటికీ ధర రాశారు, అవి కూడా చకచకా అమ్ముడైపోతున్నాయి. పళ్ళెంలో పట్టేంత, కిలోకి కాస్త తగ్గే చేప మీదే ఎక్కువమంది చేయి వేస్తున్నారు. మా చెరువులో అంత చేప ఇంకా పిల్ల కింద లెక్క. మరో ఆర్నెల్లు తవుడు తినాలి.

ఒక తొట్టెలో గండుచేప జాతిది ఒకటి కనిపించింది. పొలుసు, మూతి, తోక, అన్నీ మన చేపకి దగ్గర చుట్టమే. దాన్ని ఫొటో తీశాను. నా దగ్గరున్నది 27 బొమ్మలు పడే వాడిపారేసే కోడాక్ కెమెరా. అందులో అయిదు ఆ వీధికే ఖర్చుపెట్టాను. దుకాణం అతనికి నాకున్నంత ఇంగ్లీషు కూడా లేదు. మా నాన్న కూడా చేపల మనిషేనని చేత్తో వల విసిరి చూపించాను. అతను తొట్టెలోంచి పెద్దదాన్ని రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, తీయమన్నట్టు నవ్వుతూ నిలబడ్డాడు. ఆ ఫొటో మా ఇంట్లో దేవుడి పటాల వరస పక్కనే చాలాకాలం వేలాడింది.

సాయంత్రం నాలుగింటికి తమ్ముడి పని. దక్షిణపు టవర్లో లిఫ్టు 107వ అంతస్తుకి తీసుకెళ్ళింది. అక్కణ్ణించి కదిలే మెట్ల మీద పైకప్పు మీదికి, 110 అంతస్తుల మీదికి, ఆరుబయటికి. ఆ రోజు గాలి తక్కువగా ఉందని పైకి వదిలారు. ఒకపక్క హడ్సన్, ఒకపక్క ఈస్ట్ రివర్, రెండూ కలిసే చోట రేవు. రేవులో స్వేచ్ఛా విగ్రహం గోరంత. ఇంకా దక్షిణంగా వెరజానో వంతెన, ఆ వంతెన కిందనించి అవతలికి చూస్తే ఆకాశానికీ నీటికీ తేడా తెలియని బూడిదరంగు గీత. అదే అట్లాంటిక్. కనిపిస్తుందిరా, కనిపిస్తుంది. పక్కనున్న ఓ జర్మన్ జంటని అడిగితే నా ఫొటో తీశారు, నేను వాళ్ళది తీశాను. అక్కడ అందరూ చేసేది అదే. అపరిచితుల చేతిలో కెమెరా పెట్టడం, పక్కకి జరగమని సైగ చేయడం, ఎక్కణ్ణించి వచ్చారని అడగడం. ఎవరి ముఖం వాళ్ళే తీసుకునే వీలు లేని కాలం. తన బొమ్మ కావాలంటే ఇంకో మనిషి కావాల్సిందే.

రెండున్నరేళ్ళకి ఆ టవర్లు లేవు. 2001 సెప్టెంబరు 11న ఉంగుటూరులో సాయంత్రం. టీవీలో పొగ చూసి మా నాన్న టవరు మీద తీయించుకున్న నా ఫొటో గోడ మీంచి దించి, వెనక నేను రాసిన తేదీ చూసుకుని, మళ్ళీ మేకుకి తగిలించాడని అమ్మ చెప్పింది. వరసగా మూడు రోజులు ఊళ్ళోవాళ్ళు వచ్చి ఆ ఫొటో చూసి వెళ్ళారు.

1999లో ఆ శనివారం సాయంత్రం టవరు దిగితే, కిందే పాత్ రైలు స్టేషన్. నది కిందనించే న్యూజెర్సీకి పోతుంది. జెర్సీ సిటీలో జర్నల్ స్క్వేర్ దగ్గర దిగాను. అమ్మ ప్రశ్నకి జవాబు అక్కడ ఉంది. నాకు చోటిచ్చినాయన మా సీనియర్ బావగారి పాత రూమ్మేటు. పెంటపాడు దగ్గర పల్లె. 2000 సంవత్సరం వచ్చేసరికి కంప్యూటర్లు తేదీలు తప్పుతాయన్న భయంతో పాత కోబాల్ ప్రోగ్రాములన్నీ సరిచేయించుకుంటున్న కాలం అది. ఆ పనికి వేలమంది తెలుగు కుర్రాళ్ళు ఆ చుట్టుపక్కల దిగారు. ఆయన రోజూ పొద్దున్నే ఆ పాత్ రైల్లోనే వెళ్ళి వాల్‌స్ట్రీట్ బ్యాంకు ఒకదానికి తేదీలు దిద్దేవాడు. రెండు గదుల్లో అయిదుగురు. నన్ను ఎన్నడూ చూసి ఎరగడు. తలుపు తీస్తూనే అన్న మాట, "రా తమ్ముడూ, కాళ్ళు కడుక్కో, అన్నం అయిపోయింది, పప్పు దింపుతున్నా."

ఆ రాత్రి నేను న్యూయార్క్ గురించి ఒక్క ముక్క చెప్పలేదు, వాళ్ళెవరూ అడగలేదు. అడిగినవన్నీ గోదావరి కబుర్లు. కాలవకి నీళ్ళు ఎప్పుడు వదిలారు, దాళవా పంట ఎలా ఉంది, గూడెం ఉల్లిపాయల మార్కెట్లో రేటెంత, ద్వారకా తిరుమల మెట్లకి కొత్త రాయి వేశారటగా. నేను కూడా ఎనిమిది నెలల కిందట వచ్చినవాణ్ణే. అయినా వాళ్ళకంటే తరవాత వచ్చాను కాబట్టి ఊరికి నేనే ప్రతినిధిని. పక్క వాటాలో గుంటూరు వైపు దంపతులుండేవారు. ఆ అక్క గిన్నెడు పెరుగూ, నంజుకోడానికి ఊరమిరపకాయలూ పంపింది. ఇంట్లో ఆడవాళ్ళున్నారా అన్న ప్రశ్నకి అమ్మకి నిశ్చింతగా జవాబు రాయవచ్చు.

రాత్రి తొమ్మిదిన్నరకి ఫోన్. ఉంగుటూరులో ఆదివారం పొద్దున్న ఏడు గంటలు. మా ఇంట్లో ఫోన్ లేదు. రోడ్డు మీది ఎస్టీడీ బూతు నంబరే మాకు పీపీ. ముందే ఉత్తరంలో చెప్పుకున్న టైముకి నాన్న అక్కడ బల్ల మీద కూచుని ఉంటాడు. కార్డు మీది వెండిపూత గోటితో గీకి, బారెడు నంబరు నొక్కితే, రెండుసార్లు తెగిపోయి మూడోసారి కలిసింది. నిమిషానికి అర డాలరు పైమాటే. "క్షేమమేనా?" "క్షేమమే." "భోంచేశావా?" "చేశాను." "చూశావా?" "చూశాను నాన్నా, అన్నీ రాస్తాను." "సరే, రాయి. డబ్బులయిపోతాయి, పెట్టెయ్." అంతే. ఫోన్ బతికున్నామని చెప్పుకోవడానికి. చూసినదాన్ని చెప్పుకోవడానికి ఉత్తరం.

ఆదివారం మామ్మది. టైమ్స్ స్క్వేర్ నించి ఏడో నంబరు రైలు. నదికి అవతల క్వీన్స్‌లోకి రాగానే భూమిలోంచి పైకి లేచి, మేడల మీదుగా, ఇళ్ళ కిటికీల పక్కనించి పోతుంది. అప్పుడా లైన్లో తిరిగినవి ఎర్రరంగు పాత పెట్టెలు, రెడ్‌బర్డ్స్ అనేవారు. 2003లో అవీ పోయాయి. ఫ్లషింగ్‌లో దిగి పావుగంట నడిస్తే బౌన్ వీధి, ఆ వీధిలో గోపురం. 1977 జులై 4న కుంభాభిషేకం జరిగిన వినాయకుడి గుడి. అంతకుముందు అదే స్థలంలో రష్యన్ల చర్చి ఉండేదట. ఆ వీధికి పేరు పెట్టిన జాన్ బౌన్, క్వేకర్లని తన ఇంట్లో ప్రార్థన చేసుకోనిచ్చినందుకు 1662లో డచ్చి గవర్నరు చేతిలో జైలు పాలైనవాడు. అంతకు అయిదేళ్ళ ముందే, 1657లో, ఆ ఊరి జనం ఎవరి దేవుణ్ణి వాళ్ళు కొలుచుకోనివ్వమని కాగితం రాసి సంతకాలు పెట్టారు. ఆ వీధిలోనే మన వినాయకుడికి చోటు దొరకడం నాకు ఎంతో న్యాయంగా తోచింది. ఇది మామ్మకి అర్థమయ్యేలా రాయడానికి ఏరోగ్రామ్‌లో పావు భాగం పట్టింది.

నైవేద్యం సంగతి. అర్చకస్వామిని సూటిగా అడిగాను, మా మామ్మ అడగమందండీ అని. ఆయన తెలుగాయనే. ఆ రోజు పులిహోర, దద్దోజనం, వినాయకుడికి ఉండ్రాళ్ళు. మామ్మ పేరూ గోత్రమూ చెప్పించుకుని అర్చన చేశారు. వేంకటేశ్వరస్వామి సన్నిధి కూడా ఉందన్నారు. కింద క్యాంటీన్లో దోసె తిన్నాను. ఎనిమిది నెలల తరవాత చట్నీలో కరివేపాకు తగిలింది.

ఆ రాత్రి బస్సులోనే ఉత్తరం మొదలుపెట్టాను. సిరక్యూస్ చేరాక రెండు సాయంత్రాలు పట్టింది పూర్తి చేయడానికి. ఏరోగ్రామ్‌లు రెండయ్యాయి. ఫొటోలు కడిగించే దుకాణంలో ఒక ధరకే రెండు ప్రతులిచ్చేవాళ్ళు. ఒక సెట్టు వేరే కవర్లో పెట్టి పంపాను.

అది అక్కడ ఎలా చేరిందో తమ్ముడు తరవాత చెప్పాడు. పోస్ట్‌మ్యాన్ ఇచ్చిన వెంటనే నాన్న చింపలేదట. మాస్టారు వచ్చేదాకా ఆగి, దీపాలు పెట్టాక, అరుగు మీద చదివాడు. గ్రంథాలయం భాగం మాస్టారు మళ్ళీ చదవమన్నారు. ముసలాయన చెప్పుల దగ్గరికొచ్చేసరికి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మామ్మకి ఒకటే అనుమానం మిగిలింది, మంచు పడినప్పుడు భక్తులు చెప్పులు ఎక్కడ విడుస్తారని. వల వేసే మేస్త్రీ వచ్చి చైనావాడి చేప ఫొటో చేతిలోకి తీసుకుని, ఇది నాలుగు కిలోలు దాటుతుందని తేల్చాడు.

ఇప్పుడు మా తమ్ముడి కూతురు షికాగోలో చదువుతోంది. కిందటేడు నేను ఉంగుటూరులో ఉండగా, పొద్దున్న కాఫీ వేళకి అమ్మ ఫోన్ మోగింది. పిల్ల విల్లిస్ టవర్ 103వ అంతస్తులో, బయటికి పొడుచుకొచ్చిన అద్దాల గదిలో నిలబడి, కాళ్ళ కింద దీపాల వీధులు చూపించింది. అమ్మ చూసింది. సరస్సు చూసింది, పిల్ల వేసుకున్న కోటు చూసింది, పక్కనున్న స్నేహితురాళ్ళని చూసింది. "జాగ్రత్తమ్మా, అంచుకి వెళ్ళకు" అంది. నాలుగు నిమిషాల్లో అయిపోయింది. మనవరాలి ముఖం ఆ క్షణానే చూడగలగడం ఎంత భాగ్యమో నాకు తెలుసు. 1999లో బూతు బల్ల మీద కూచున్న మా నాన్నకి నా ముఖం అలా కనిపించి ఉంటే ఆయన ఎంత ధైర్యపడేవాడో. ఆ భాగ్యాన్ని నేను చిన్నచూపు చూడను. కానీ ఫోన్ పెట్టేశాక అమ్మకి అడగడానికి ఏమీ మిగల్లేదు. పిల్లకి చెప్పడానికీ ఏమీ మిగల్లేదు. ఆ టవరు గురించి ఆ తరవాత మా ఇంట్లో ఎవరూ మాట్లాడుకోలేదు. మా తాతయ్య మద్రాసు మూడు తరాలు బతికింది.

పీపీ నంబరు లేదు, ఎస్టీడీ బూతులో ఇప్పుడు సెల్‌ఫోన్ రీచార్జీలు. అరుగు రోడ్డు వెడల్పులో పోయింది. మాస్టారూ మామ్మా లేరు. ఉత్తరాల మీద రాసిన పశ్చిమ గోదావరి జిల్లా కూడా మారి, 2022 నించి మాది ఏలూరు జిల్లా అయింది. వీటిలో కొన్ని పోవాల్సినవే. నిమిషాలు లెక్కపెట్టుకుని ఇంటికి ఫోన్ చేసిన రోజులు మళ్ళీ రావాలని ఎవరూ కోరుకోరు. నేను బాధపడేది ఒక్క అడగడం గురించే. చెరువు గట్టు దాటని మనిషి న్యూయార్క్‌ని నిలదీసి అడిగిన ఆ ప్రశ్నల్లో ఎంత తెలివి ఉందో, ఆ నగరంలో పుట్టినవాళ్ళకి కూడా నేను చెప్పి చూశాను. చేప ఏ సైజుకి గిరాకీ అని ఏ పర్యాటకుడు అడిగాడు?

ఆ ఏప్రిల్లో రాసిన నా ఉత్తరానికి నాన్న జవాబు మే నెల చివర్న వచ్చింది. చదివాము, సంతోషం, అని మొదలుపెట్టి, మూడో వాక్యంలోనే కొత్త ప్రశ్న. ఆ దుకాణంవాడు చిల్లర మనిషి, అతనికి చేప ఎక్కణ్ణించి వస్తుంది? టోకు మార్కెట్టు ఎక్కడ? పాట పాడతారా, ధర ముందే కట్టి ఉంటుందా? మనకి దళారి తీసేది అక్కడ ఎవరు తీస్తారు?

వేసవి సెలవుల్లో, వారం మధ్యలో, మళ్ళీ గ్రేహౌండ్ ఎక్కాను. టోకు మార్కెట్టు ఫుల్టన్ ఫిష్ మార్కెట్. 1822 నించి మన్‌హట్టన్ దక్షిణాన, బ్రూక్లిన్ వంతెనకి కూతవేటు దూరంలో ఈస్ట్ రివర్ ఒడ్డునే ఉండేది. 2005లో దాన్ని బ్రాంక్స్‌కి తరలించారు, ఇప్పుడక్కడ ఆ వాసన లేదు. నేను వెళ్ళిన వేళకి ఇంకా చీకటి. పైన హైవే, కింద దీపాల వెలుగులో తడి రాళ్ళ మీద తోపుడు బళ్ళు, భుజానికి ఇనుప కొక్కేలు తగిలించుకున్న మనుషులు, పొగలు కక్కే ఐసు పెట్టెలు. పాట లేదు. కొనేవాడు పెట్టెపెట్టెకీ తిరిగి చూసుకుని, అమ్మేవాడితో తల దగ్గరగా పెట్టి మాట్లాడి, కాగితం ముక్క మీద ధర రాయించుకుని పోతున్నాడు. నేను నోటుబుక్కులో ధరలు రాసుకుంటూ నడుస్తుంటే, రబ్బరు బూట్ల పెద్దాయన ఒకడు ఆపి, ఎవరు పంపారని అడిగాడు. మా నాన్న, ఇండియాలో, చేపల చెరువు, అని చెప్పాను. ఏం చేప, ఎంత లోతు నీళ్ళు, పట్టాక ఎన్నాళ్ళకి తినేవాడికి చేరుతుంది అని ఆయన వరసగా అడిగాడు. హౌరాకి లారీలో పోతుందన్నాను. ఎన్ని గంటలు అన్నాడు. నాకు తెలియదు, నాన్నని అడిగి రాస్తానన్నాను. ఆయన తన పెట్టె మీది కాగితం చింపి, చిరునామా రాసి నా చేతిలో పెట్టాడు.